సముద్రంపై చల్లగా.. కొండ కింద భద్రంగా

ఓడల్లో వంటగ్యాస్ విశాఖకు ఎలా చేరుతోంది? ఒడ్డుకు ఎలా దిగుతోంది?

విశాఖపట్నం: విశాఖ ఔటర్ హార్బర్‌కు వచ్చే ఓడల్లో గ్యాస్ ఓడను గుర్తుపట్టడం కష్టం కాదు. బొగ్గు, ఇనుప ఖనిజం మోసే ఓడల డెక్కు మీద పెద్ద పెద్ద మూతలు ఉంటాయి. కంటెయినర్ ఓడ మీద రంగురంగుల పెట్టెలు పేర్చి ఉంటాయి. గ్యాస్ ఓడ డెక్కు మీద మాత్రం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గొట్టాలు, కవాటాలు, వాటి మధ్య చిన్న యంత్రాల గది కనిపిస్తాయి. పెద్ద గ్యాస్ ఓడ పొడవు 220 మీటర్లకు పైమాటే. అందులో దాదాపు 45 వేల టన్నుల వంటగ్యాస్ పడుతుంది. ఇళ్లలో వాడే 14.2 కిలోల సిలిండర్లలో దాన్ని నింపితే 31 లక్షలకు పైగా సిలిండర్లు అవుతాయి.

ఇంత గ్యాస్ ఒకేచోట, అదీ జనావాసాలకు ఆనుకుని ఉన్న రేవులో ఎలా దిగుతోందన్నది విశాఖవాసులకు కేవలం కుతూహలంతో అడిగే ప్రశ్న కాదు. 1997 సెప్టెంబరు 14 ఆదివారం తెల్లవారుజామున ఏం జరిగిందో మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాక ప్రాంతాల్లోని పెద్దలకు నేటికీ గుర్తుంది. ఓడ నుంచి వచ్చిన గ్యాస్‌ను హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీలోని నిల్వ గోళాలకు పంపుతుండగా లీకేజీ ఏర్పడింది. బయటకు వచ్చిన గ్యాస్ మేఘంలా పరుచుకుని నిప్పంటుకుంది. సుమారు 60 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ ప్రమాదంలో ఓడ పేలలేదు. ఓడ ట్యాంకుల్లోనూ నిప్పు పుట్టలేదు. ముప్పు పొంచి ఉన్నది ఒడ్డున, గొట్టమూ నిల్వ ట్యాంకూ కలిసే చోట.

గ్యాస్ ఓడల నిర్మాణాన్ని, రేవులో పాటించే పద్ధతులను, డాల్ఫిన్ నోస్ కొండ పరిసరాల్లో భూమి అడుగున తొలిచిన నిల్వ గుహలను అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు. ద్రవీకృత వాయువు ఒక పాత్రలో కదలకుండా ఉన్నంతసేపూ దాన్ని అదుపులో ఉంచడం సాధ్యమే. అది ఒక పాత్ర నుంచి మరో పాత్రలోకి మారే సమయంలోనే జాగ్రత్తలన్నీ అవసరమవుతాయి.

వాయువు ద్రవంగా ఎందుకు?

వంటగ్యాస్ అంటే ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. సాధారణ వాతావరణ పీడనం వద్ద ప్రొపేన్ సున్నాకు దిగువన 42 డిగ్రీల సెల్సియస్ వద్దే మరిగి ఆవిరవుతుంది. బ్యూటేన్ సున్నా డిగ్రీలకు కాస్త దిగువన మరుగుతుంది. అంటే విశాఖ ఎండల్లోనే కాదు, లంబసింగి చలిలోనూ ప్రొపేన్ వాయువుగానే ఉంటుంది. వాయు రూపంలో దాన్ని రవాణా చేయాలంటే ఓడలు చాలవు. ద్రవంగా మారిస్తే పరిమాణం దాదాపు 270వ వంతుకు తగ్గిపోతుంది. ఓడల్లో గ్యాస్ రవాణా సాధ్యమైంది ఈ ఒక్క కారణంతోనే.

ద్రవంగా మార్చడానికి రెండు దారులున్నాయి. ఒకటి, పీడనం పెంచి అదిమి ఉంచడం. వంటింట్లోని సిలిండర్ ఈ కోవలోనిదే. రెండోది, పీడనం జోలికి పోకుండా మరిగే స్థానానికి దిగువదాకా చల్లబరచడం. పాలను ఫ్రిజ్‌లో పెట్టినట్లు గ్యాస్‌ను శీతల ట్యాంకులో ఉంచడమన్నమాట.

చిన్న ఓడలు మొదటి దారిని ఎంచుకుంటాయి. వాటి ట్యాంకులు మందపాటి ఉక్కుతో చేసిన స్తూపాలు. 17, 18 వాతావరణాల పీడనాన్ని తట్టుకుంటాయి. ట్యాంకు బరువే ఎక్కువ కావడంతో ఇలాంటి ఓడలు సాధారణంగా కొన్ని వేల ఘనపు మీటర్లకే పరిమితం. రెండు పద్ధతులనూ కలిపి వాడే మధ్యతరహా ఓడలు మరికొన్ని. గల్ఫ్ నుంచి వేల టన్నులు తెచ్చే భారీ ఓడలు మాత్రం పూర్తిగా రెండో దారినే నమ్ముకుంటాయి. వాటి ట్యాంకుల్లో పీడనం బయటి గాలి పీడనం కంటే కాస్త ఎక్కువ, అంతే. గ్యాస్ ఓడ అంటే నీటిపై తేలే బాంబు అన్న భావన చాలామందిలో ఉంది. భారీ ఓడ విషయంలో అది సరికాదు. ట్యాంకుకు చిల్లుపడినా లోపలి ద్రవం పేలుడులా చిమ్ముకురాదు, కారుతుంది. కారిన ద్రవం ఆవిరై నిప్పును చేరడమే అసలు ప్రమాదం.

ట్యాంకు చుట్టూ మరో గోడ

చల్లదనంతో వచ్చే చిక్కు మరొకటి ఉంది. మామూలు ఓడల నిర్మాణానికి వాడే ఉక్కు సున్నాకు దిగువన 40 డిగ్రీల చలిలో గాజులా పెళుసుబారుతుంది. అందువల్ల ట్యాంకులను తక్కువ ఉష్ణోగ్రతను తట్టుకునే ప్రత్యేక ఉక్కుతో తయారు చేస్తారు. వాటి చుట్టూ ఉష్ణనిరోధక నురుగును మందంగా పరుస్తారు. ట్యాంకు లీకైతే ఆ చల్లని ద్రవం ఓడ పొట్టను తాకి పగలగొట్టకుండా రెండో అడ్డుగోడ ఉండి తీరాలన్నది అంతర్జాతీయ నిబంధన. భారీ ఎల్పీజీ ఓడల్లో ట్యాంకును ఆవరించిన పొట్ట భాగాన్నే చలిని తట్టుకునే ఉక్కుతో కట్టి, దాన్ని రెండో గోడగా వాడతారు. ట్యాంకుకూ ఈ గోడకూ మధ్యనున్న ఖాళీలో గాలి ఉండదు. ఆక్సిజన్ దాదాపు లేని జడవాయువును నింపుతారు. గ్యాస్ ఎంత ఉన్నా ఆక్సిజన్ లేనిచోట మంట పుట్టదు.

ఈ నిబంధనలన్నీ అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 1983లో ఆమోదించిన గ్యాస్ ఓడల నియమావళిలో ఉన్నాయి. 1986 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ నియమావళిని తర్వాత సమూలంగా సవరించారు. సవరించిన రూపం 2016 జనవరి 1 నుంచి అమలవుతోంది.

ఎంత మందాన నురుగు కప్పినా బయటి వేడి కొంత లోపలికి పాకుతూనే ఉంటుంది. ఆ మేరకు ద్రవం మరిగి ఆవిరవుతుంది. దాన్ని వదిలేస్తే ట్యాంకులో పీడనం పెరుగుతుంది. అందుకే డెక్కు మీది యంత్రాల గదిలో ఆ ఆవిరిని పీల్చి, అదిమి, సముద్రపు నీటి సాయంతో చల్లబరచి తిరిగి ద్రవంగా ట్యాంకులోకి పంపుతారు. గల్ఫ్ నుంచి బయలుదేరిన ఓడ విశాఖ చేరేదాకా ఈ పని సాగుతుంటుంది. మరుగుతున్న వస్తువు తానే చల్లబడుతుంది కాబట్టి, ఆవిరిని తొలగించడమే మిగిలిన సరుకును చల్లగా ఉంచే ఉపాయం కూడా. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇదే సూత్రంతో.

ట్యాంకును అంచుదాకా నింపరు. సాధారణంగా 98 శాతమే గరిష్ఠ పరిమితి. ద్రవరూపంలోని ప్రొపేన్ కాస్త వేడెక్కినా నీటి కంటే ఎన్నో రెట్లు అధికంగా వ్యాకోచిస్తుంది. ఖాళీ లేకపోతే ఆ ఒత్తిడికి ఏ ఉక్కూ నిలవదు. ఇంటి సిలిండర్‌ను పూర్తిగా నింపకపోవడానికీ ఇదే కారణం. తూకంలో మోసమని కొందరు అనుమానిస్తుంటారు గానీ, ఆ ఖాళీయే వారి వంటింటిని కాపాడుతోంది.

సముద్రంలో పరీక్షలు

కాగితంపై రాసుకున్న నిబంధనలు నిప్పు ముందు నిలుస్తాయా అన్నదానికి చరిత్రలో కొన్ని సమాధానాలున్నాయి. 1974 నవంబరు 9న టోక్యో అఖాతంలో యుయో మారు నంబర్ 10 అనే జపాన్ ఓడను పసిఫిక్ ఆరిస్ అనే సరుకుల ఓడ ఢీకొట్టింది. యుయో మారులో ఎల్పీజీతోపాటు పక్క ట్యాంకుల్లో నాఫ్తా ఉంది. మొదట అంటుకున్నది నాఫ్తాయే. రెండు ఓడల్లో కలిపి 33 మంది మరణించారు. రోజుల తరబడి మండుతున్న ఓడను సముద్రంలోకి లాగుకెళ్లి, చివరకు జపాన్ నౌకాదళం కాల్పులతో ముంచాల్సి వచ్చింది.

పదేళ్ల తర్వాత 1984 అక్టోబరులో, ఇరాన్-ఇరాక్ యుద్ధ సమయాన, గాజ్ ఫౌంటెన్ అనే ఎల్పీజీ ఓడపై గల్ఫ్‌లో క్షిపణులు పడ్డాయి. డెక్కు మంటల్లో చిక్కుకుంది. సిబ్బంది ఓడను వదిలి బయటపడ్డారు. రక్షణ బృందాలు మంటలు ఆర్పి చూస్తే ట్యాంకుల్లో సరుకు చాలావరకు అలాగే ఉంది. దాన్ని మరో ఓడలోకి మార్చగలిగారు. క్షిపణి తగిలినా ఓడ మొత్తం పేలిపోలేదంటే, చల్లని ట్యాంకులు, వాటిని వేరుచేసే గోడలు ఎంత పనిచేశాయో ఊహించవచ్చు.

ఖాళీ ట్యాంకు ఖాళీ కాదు

గ్యాస్ ఓడ సిబ్బంది మొదట నేర్చుకునే పాఠాల్లో ఒకటి, సరుకు దించేసిన ట్యాంకు ఖాళీ కాదన్నది. అందులో ఆవిరి నిండి ఉంటుంది. సాధారణంగా కొంత ద్రవాన్ని కూడా అడుగున ఉంచుతారు. తిరుగు ప్రయాణంలో ట్యాంకు వేడెక్కకుండా ఆ కొద్దిపాటి ద్రవమే కాపాడుతుంది.

మరమ్మతుల కోసం మనుషులు ట్యాంకులోకి దిగాల్సివస్తే ముందు ఆవిరిని జడవాయువుతో తరిమి, ఆ తర్వాతే గాలిని పంపుతారు. తిరిగి సరుకు నింపేటప్పుడు ఇదే క్రమం వెనక్కి నడుస్తుంది. గాలి పోయి జడవాయువు రావాలి, జడవాయువు పోయి గ్యాస్ ఆవిరి రావాలి. గాలి, గ్యాస్ నేరుగా ఎదురుపడే క్షణం ఎక్కడా ఉండకూడదు. గాలిలో ప్రొపేన్ సుమారు 2 శాతం నుంచి 9.5 శాతం వరకు ఉన్నప్పుడే అంటుకుంటుంది. అంతకంటే తక్కువైనా ఎక్కువైనా మంట రాదు. ఈ క్రమమంతా ఆ మధ్య మెట్టుపై కాలు పెట్టకుండా దాటడానికే.

తర్వాత చల్లబరచడం. వెచ్చగా ఉన్న ట్యాంకులోకి సున్నాకు దిగువన 42 డిగ్రీల ద్రవాన్ని ఒక్కసారిగా పోస్తే వేడి గాజు గ్లాసులో మంచునీళ్లు పోసినట్లే. అందుకే సన్నటి తుంపరగా గంటల తరబడి చల్లుతూ ఉక్కును నెమ్మదిగా చలికి అలవాటు చేస్తారు. రేవు నుంచి లోపలికి వెళ్లే గొట్టపుమార్గాన్నీ ఇలాగే సిద్ధం చేయాలి. చల్లబడిన గొట్టం కుంచించుకుపోతుంది. ఆ కదలికకు వీలు లేకుండా బిగిస్తే అతుకుల వద్ద పగుళ్లు వస్తాయి.

ఈ ఓడలపై పనిచేయాలంటే మామూలు నావిక శిక్షణ చాలదు. గ్యాస్ ట్యాంకర్లకు ప్రత్యేక ధ్రువపత్రాలు ఉండాలి. వాణిజ్య నౌకల్లో ఉద్యోగాలకు వెళ్లే ఉత్తరాంధ్ర యువకులు సైతం గ్యాస్ ఓడ ఎక్కాలంటే ఈ కోర్సులు పూర్తిచేయాల్సిందే.

రేవులో తొలి గంట

పైలట్ మార్గదర్శకత్వంలో, టగ్గుల సాయంతో ఓడ బెర్తుకు చేరుతుంది. తాళ్లు బిగించగానే సరుకు దించడం మొదలవుతుందనుకుంటే పొరపాటు. మొదట ఓడ అధికారి, టెర్మినల్ అధికారి ఎదురెదురుగా కూర్చుంటారు. ఇద్దరి చేతిలోనూ ఒకే భద్రతా పట్టిక ఉంటుంది. గంటకు ఎంత సరుకు, ఎంత పీడనంతో పంపాలి? ఏ సంకేతానికి ఆపాలి? గాలి ఎంత వేగం దాటితే గొట్టాలు విప్పేయాలి? పిడుగులు పడుతుంటే ఏం చేయాలి? ఒక్కో ప్రశ్నకూ ఇద్దరూ సమాధానం రాసి సంతకం చేయాలి. మాటలతో సరిపెట్టుకోవడానికి వీల్లేదు. ఆ రాతకోతలన్నీ ఎందుకని విసుక్కునేవారూ ఉంటారు. కానీ భిన్న దేశాల మనుషులు, భిన్న భాషలు, మొదటిసారి కలుసుకున్న రెండు యంత్రాంగాలు ఒక్కటిగా పనిచేయాల్సిన చోట ఆ కాగితమే ఉమ్మడి భాష.

ఒడ్డున నిలబడిన భారీ ఉక్కు చేతుల్లాంటి లోడింగ్ ఆర్మ్‌లను ఓడ గొట్టాలకు కలుపుతారు. అలల కదలికకు, ఆటుపోట్లకు అనుగుణంగా అవి వంగుతూ లేస్తూ ఉంటాయి. ఓడ తన స్థానం నుంచి మితిమీరి జరిగితే హెచ్చరిక మోగుతుంది. ఇంకా జరిగితే ఆర్మ్‌లోని రెండు కవాటాలు మూసుకుని, వాటి మధ్య జోడింపు దానంతటదే విడిపోతుంది. కారేది ఆ రెండు కవాటాల నడుమ చిక్కిన కొద్దిపాటి ద్రవమే.

ఓడకూ ఒడ్డుకూ మధ్య గొట్టంలో విద్యుత్తును అడ్డుకునే ప్రత్యేక జోడింపు కూడా ఉంటుంది. తీగతో రెండింటినీ కలిపితే భద్రమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఓడ పొట్టకూ ఒడ్డుకూ మధ్య విద్యుత్ వ్యత్యాసం ఉంటే, గొట్టాన్ని కలిపే లేదా విడదీసే క్షణంలో నిప్పురవ్వ పుట్టవచ్చు. అందుకే కలపడానికి బదులు విడిగా ఉంచుతారు.

అత్యవసర మీట మాట చెప్పుకోవాలి. ఓడ మీద గానీ ఒడ్డున గానీ ఎవరు నొక్కినా రెండు వైపులా పంపులు ఆగి, కవాటాలు మూసుకునేలా అనుసంధానం ఉంటుంది. నియమావళి ప్రకారం ఓడ కవాటాలు 30 సెకన్లలోగా పూర్తిగా మూసుకోవాలి. ఇంకా వేగంగా మూస్తే మరింత మంచిది కదా అనిపిస్తుంది. కాదు. ఇంట్లో నీటి కుళాయిని ఒక్కసారిగా కట్టేస్తే గొట్టం దడదడలాడుతుంది. కిలోమీటర్ల పొడవున పరుగెత్తే ద్రవాన్ని క్షణంలో ఆపితే ఆ తాకిడికి గొట్టమే పగిలే ప్రమాదం ఉంది. ఎంత త్వరగా, ఎంత నెమ్మదిగా అన్నది లెక్కకట్టి నిర్ణయించాల్సిందే. మంటలు చుట్టుముట్టి మీట నొక్కే మనిషే లేకపోతే, సుమారు 100 డిగ్రీల వద్ద కరిగే చిన్న బిరడాలు కరిగి కవాటాలను మూసేస్తాయి.

మరో సంగతి. వంటగ్యాస్‌కు స్వతహాగా వాసన లేదు. ఇళ్లలో వచ్చే ఘాటు వాసన ఇథైల్ మెర్కాప్టాన్ అనే రసాయనానిది. గ్యాస్ అంటుకునే స్థాయిలో ఐదో వంతుకు చేరకముందే ముక్కుకు తెలియాలన్న ఉద్దేశంతో దాన్ని కలుపుతారు. ఓడల్లో వచ్చే సరుకుకు తరచూ ఆ వాసన ఉండదు. ఒడ్డుకు చేరాకే కలుపుతారు. అంటే రేవులో మనిషి ముక్కును నమ్ముకోవడానికి లేదు. పరికరాలే పసిగట్టాలి.

1997 చెప్పిన పాఠం

ఒక లీటరు ద్రవ ప్రొపేన్ ఆవిరైతే దాదాపు 270 లీటర్ల వాయువు అవుతుంది. అది గాలితో కలిసి 2 శాతానికి పలచబడితే 12 వేల లీటర్లకు పైగా మండే మిశ్రమం తయారవుతుంది. ఒక బిందెడు ద్రవం కారినా ఒక పెద్ద ఇల్లు నిండేంత ముప్పు అన్నమాట. పైగా ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. పొగలా పైకి లేచిపోదు. నీళ్లలా పల్లానికి పాకుతుంది, కాలువల్లో, గుంతల్లో నిలుస్తుంది. గాలి నిశ్చలంగా ఉండే తెల్లవారుజామున చెదరకుండా చాలా దూరం పోతుంది.

1997 నాటి ప్రమాదం సరిగ్గా అలాంటి వేళలోనే జరిగింది. మేఘం అంటుకున్నాక పేలుడు ధాటికి రిఫైనరీలోని భవనాలు కూలిపోయాయి. మంటలు ఒక ట్యాంకు నుంచి మరో ట్యాంకుకు వ్యాపించాయి. నగరంలో జనం కట్టుబట్టలతో ఇళ్లు వదిలి వెళ్లిపోయారు.

భూమి మీద నిలబెట్టిన గోళాల బలహీనత ఆనాడు తెలిసివచ్చింది. గోళం కింద మంట రేగితే లోపలి ద్రవం మరుగుతుంది. ద్రవం ఉన్నంతమేర ఉక్కు చల్లగానే ఉన్నా, పై భాగంలో ఆవిరి మాత్రమే తాకే గోడ ఎర్రగా కాలి మెత్తబడుతుంది. చివరకు గోళం చీలి లోపలిదంతా అగ్నిగోళంగా మారుతుంది. 1984 నవంబరు 19న మెక్సికో నగర శివారులోని శాన్ హువాన్ ఇష్వతెపెక్‌లో ఇలాంటి పేలుళ్లు ఒకదాని తర్వాత ఒకటి సంభవించి సుమారు 500 మంది మరణించారు.

దేశంలో చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ ప్రమాణాల్లో మట్టిదిబ్బ కింద పూడ్చిన స్తూపాకార ట్యాంకులకు ప్రత్యేక స్థానం ఉంది. మట్టి కింద ఉన్న ట్యాంకును మంట నేరుగా తాకలేదు. దూరం నుంచే మూయగల కవాటాలు, వాయువును పసిగట్టే పరికరాలు, తమంతట తామే తెరుచుకునే నీటి తుంపర్లు కూడా ఇలాంటి కేంద్రాలకు తప్పనిసరి. నిల్వను కంటికి కనబడకుండా భూమిలోకి పంపాలన్న ఆలోచనను విశాఖ మరింత ముందుకు తీసుకెళ్లింది.

నీటిగోడ కాపలా

హిందుస్థాన్ పెట్రోలియం, ఫ్రాన్స్‌కు చెందిన టోటాల్ సంస్థల భాగస్వామ్యంతో ఏర్పడిన సౌత్ ఏషియా ఎల్పీజీ కంపెనీ విశాఖలో భూగర్భ నిల్వ గుహలను నిర్మించింది. 2007 చివర్లో ఇవి అందుబాటులోకి వచ్చాయి. దేశంలో ఎల్పీజీ కోసం తొలిచిన మొదటి గుహలివే. సామర్థ్యం 60 వేల టన్నులు. అత్యంత లోతైన భాగం సముద్ర మట్టానికి 196 మీటర్ల దిగువన ఉంది.

గుహ గోడలకు ఉక్కు తాపడం లేదన్నది విన్నవారికి ఆశ్చర్యం కలిగిస్తుంది. రాతిలో సన్నని పగుళ్లు ఉంటాయి కదా, గ్యాస్ వాటిగుండా బయటకు రాదా? రాకుండా అడ్డుకునేది నీరు. ప్రతి 10 మీటర్ల లోతుకు నీటి పీడనం ఒక వాతావరణం చొప్పున పెరుగుతుంది. 160 మీటర్ల లోతున రాతి పగుళ్లలోని నీరు సుమారు 16 వాతావరణాల ఒత్తిడితో ఉంటుంది. విశాఖ భూగర్భ ఉష్ణోగ్రత వద్ద ప్రొపేన్ ఆవిరి ఒత్తిడి సుమారు 10, 11 వాతావరణాలు. బ్యూటేన్ కలిస్తే ఇంకా తక్కువ. బలం నీటిదే కాబట్టి నీరు లోపలికి ఊరుతుంది గానీ గ్యాస్ బయటకు పోలేదు. వేసవిలోనూ ఈ ఒత్తిడి తగ్గకుండా గుహల పైభాగాన సొరంగాలు తవ్వి, వాటి నుంచి రాతిలోకి రంధ్రాలు వేసి ఎప్పుడూ నీటిని నింపి ఉంచుతారు. దీన్నే నీటితెర అంటారు. లోపలికి ఊరిన నీరు అడుగున చేరుతుంది. దాన్ని పంపులతో పైకి తోడేస్తారు.

ఇంత లోతున ఆక్సిజన్ లేదు, నిప్పు లేదు, తుపాను గాలి తాకదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలం చేసినప్పుడు నేల మీద చెట్లు, స్తంభాలు, పైకప్పులు ఎగిరిపోయాయి. అలాంటి గాలికి భూగర్భ నిల్వ అందదు.

అయితే ఓడలో సున్నాకు దిగువన 42 డిగ్రీల వద్ద వచ్చిన ద్రవాన్ని నేరుగా గుహలోకి పోయలేరు. అంత చలికి రాతి పగుళ్లలోని నీరు గడ్డకట్టి, రాయి చిట్లుతుంది. అందుకే దారిలో ఉష్ణమార్పిడి యంత్రాలతో వెచ్చబరచి, పంపులతో పీడనం పెంచి లోపలికి పంపుతారు. సముద్రం మీద చల్లదనమే రక్షణ అయిన సరుకుకు భూమి కింద పీడనమే రక్షణ అవుతుంది. ఆ మార్పు జరిగే కొద్ది దూరమే అతి జాగ్రత్తగా చూసుకోవాల్సిన చోటు. భారీ ఓడ ఖాళీ కావడానికి ఒకటిన్నర, రెండు రోజులు పట్టవచ్చు. అంతసేపూ ఆ దారిపై నిఘా ఉంచాల్సిందే.

గుహ నుంచి పైకి తీసిన గ్యాస్ పైపులైన్, లారీ ట్యాంకర్ల ద్వారా బాట్లింగ్ కేంద్రాలకు వెళ్తుంది. విశాఖ నుంచి సికింద్రాబాద్ వరకు గెయిల్ వేసిన సుమారు 600 కిలోమీటర్ల ఎల్పీజీ పైపులైన్ 2004లో అందుబాటులోకి వచ్చింది. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్వల పథకం మొదలయ్యాక పల్లెల్లోనూ కట్టెల పొయ్యి స్థానంలో గ్యాస్ పొయ్యి వచ్చింది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల పథకాన్ని శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో ప్రారంభించింది. దేశంలో వాడే ఎల్పీజీలో సగానికి పైగా దిగుమతి అవుతున్నదే. పాడేరు కొండల్లోని ఇంటికి చేరే సిలిండర్‌లో కూడా ఓడ దిగిన గ్యాస్ ఉండే అవకాశం తక్కువేమీ కాదు.

అమ్మోనియా దారి వేరు

విశాఖ రేవుకు వచ్చే ద్రవీకృత వాయువు ఎల్పీజీ ఒక్కటే కాదు. ఎరువుల తయారీకి అమ్మోనియా కూడా వస్తుంది. ఇది సున్నాకు దిగువన 33 డిగ్రీల వద్ద మరుగుతుంది. ఓడలూ దాదాపు అవే తరహావి. ముప్పు మాత్రం వేరు. ఎల్పీజీ మండి చంపుతుంది, అమ్మోనియా ఊపిరితిత్తులను దెబ్బతీసి చంపుతుంది. దాని ఘాటు చాలా తక్కువ మోతాదులోనే తెలిసిపోతుంది కనుక పారిపోవడానికి కొంత వ్యవధి ఉంటుంది. నీటిలో విపరీతంగా కరుగుతుంది కాబట్టి నీటితెరలతో అడ్డుకోవచ్చు. తడిగుడ్డ ముక్కుకు అడ్డుపెట్టుకోవడం ఇక్కడ ఉపయోగపడుతుంది. ఎల్పీజీకి ఆ చిట్కా పనికిరాదు.

2023 డిసెంబరు 26 రాత్రి చెన్నై సమీపంలోని ఎన్నోర్‌లో, ఓడ నుంచి ఒడ్డుకు అమ్మోనియా తెచ్చే సముద్రగర్భ గొట్టం లీకై పలువురు ఆసుపత్రి పాలయ్యారు. అక్కడా లోపం ఓడలో కాదు, ఓడకూ ఒడ్డుకూ మధ్య దారిలో.

2020 మే 7న ఆర్.ఆర్.వెంకటాపురంలో 12 మందిని బలిగొన్న స్టైరీన్‌ను కూడా కొందరు ఈ కోవలోనే కలిపి మాట్లాడుతుంటారు. స్టైరీన్ ద్రవీకృత వాయువు కాదు. మామూలు ఉష్ణోగ్రత వద్ద ద్రవంగానే ఉంటుంది. నిల్వ ట్యాంకులో వేడి పెరిగి ఆవిరై ఊరి మీద పడింది. పదార్థం వేరైనా ప్రశ్న ఒకటే మిగిలింది. పక్కింటి ట్యాంకులో ఏముందో, అది బయటకు వస్తే ఎటు పరుగెత్తాలో చుట్టుపక్కల వారికి ఎవరు చెప్పాలి?

చట్టంలో దీనికి సమాధానం ఉంది. ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతిపై 1989లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, భారీ ప్రమాదానికి గురయ్యే అవకాశమున్న ప్రాంతవాసులకు ముప్పు స్వభావం, ప్రమాదం జరిగితే చేయాల్సినవి, చేయకూడనివి తెలియజేయాల్సిన బాధ్యత ఆ కేంద్రం నిర్వాహకులదే. ప్రహరీ లోపలి అత్యవసర ప్రణాళిక సంస్థది. ప్రహరీ బయటి ప్రణాళిక జిల్లా యంత్రాంగం తయారుచేయాలి. విన్యాసాలు జరిగినప్పుడు సైరన్ మోతను పట్టించుకోనివారు ఎక్కువ. ఏ మోత దేనికో అడిగి తెలుసుకునే హక్కు కాలనీ వాసులకు ఉంది.

ఎల్పీజీ వాసన వచ్చినా, నేలబారున తెల్లని పొగమంచులా కనిపించినా స్విచ్‌లు వేయడం, ఆపడం రెండూ చేయకూడదు. బైకు, కారు స్టార్ట్ చేయకూడదు. సెల్‌ఫోన్ అక్కడ వాడకూడదు. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుని దానికి అడ్డంగా నడిచి మేఘం బయటపడాలి. ఆ తర్వాత గాలికి ఎదురుగా, పల్లం వదిలి మిట్ట వైపు వెళ్లాలి. కాలువగట్టు, అండర్‌పాస్, సెల్లారు వైపు పోకూడదు. ఇంట్లో సిలిండర్ లీకైతే రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి, బయటకు వచ్చాకే 1906 నంబరుకు ఫోన్ చేయాలి.